మేస్త్రి మూడోసారి అడిగిన మాట

విజయవాడ ఆటోనగర్‌లో మస్తాన్ మేస్త్రి గారికి ఒక అలవాటుండేది. ఎవరైనా ప్రశ్న అడిగితే జవాబు చెప్పేవారు కాదు. "ముందు టీ తాగు" అనేవారు. టీ తాగేసరికి అడిగినవాళ్ళలో సగం మంది అడిగిన సంగతే మర్చిపోయేవాళ్ళు. మర్చిపోనివాళ్ళకి మాత్రం వారంలోనో పది రోజుల్లోనో జవాబు దానంతటదే ఎదురొచ్చేది. అలా ఎదురొచ్చేలా మేస్త్రి గారే దగ్గరుండి ఏర్పాటు చేస్తారని కొందరికి అనుమానం. ఉండొచ్చు, ఆయన అంత అమాయకుడేం కాదు.

ఆయన కార్లు బాగుచెయ్యడం మానేసి చాలా ఏళ్ళయింది. చేతికి వణుకు రాగానే పానాలన్నీ శిష్యులకి పంచిపెట్టి, షెడ్డులో ఓ చెక్క బల్ల వేయించుకుని కూర్చున్నారు. అప్పట్నుంచి అక్కడ జరిగేవి పాత కార్ల బేరాలే. ఆ బేరాలు కూడా మామూలు బేరాలు కావు. లోకంలో ఎక్కడైనా అమ్మేవాడు పొగుడుతాడు, కొనేవాడు పెదవి విరుస్తాడు. మేస్త్రి గారి షెడ్డులో అంతా తిరగేసి జరగాలి. అమ్మేవాడు తన బండి లోపాలు చెప్పాలి, కొనేవాడు ఆ బండిలో ఉన్న గుణాలు చెప్పాలి. చెప్పేవాడు ఆగగానే మేస్త్రి గారు "ఇంకా?" అంటారు. అలా మూడుసార్లు. మూడోసారి తర్వాత ఇక అడగరు. భుజం మీది తువ్వాలు తీసి ఇద్దరి చేతుల మీదా కప్పుతారు. ధర నోటితో అనకూడదు, తువ్వాలు కింద వేళ్ళతో చెప్పుకోవాలి. వేలికో లక్ష, గుప్పిట మొత్తం పట్టుకుంటే అయిదు. ఆయన తండ్రి పశువుల సంతలో దళారీ చేసేవాడు, తువ్వాలు అక్కణ్ణుంచి వచ్చింది. లోపాలూ గుణాలూ తిరగేసి చెప్పించడం మాత్రం మేస్త్రి గారి సొంత పైత్యమని ఆటోనగర్ అంతా చెప్పుకునేది. చెప్పుకుంటూనే, కాస్త ఖరీదైన బండి అమ్మాలన్నా కొనాలన్నా అందరూ అక్కడికే తోలుకొచ్చేవాళ్ళు.

వీరభద్రం ఆయన దగ్గర ఎనిమిదేళ్ళుగా ఉన్న శిష్యుడు. ముప్పై ఎనిమిదేళ్ళ మనిషి, ఇద్దరు పిల్లల తండ్రి. తలుపు వేసిన చప్పుడు విని ఆ తలుపు ఎప్పుడు మార్చారో చెప్పేస్తాడని పేరు. ఎన్నాళ్ళు మరొకరి బల్ల పక్కన నిలబడతాం, సొంతంగా ఏదైనా పెట్టుకోవాలని అతనికి ఆ ఏడాది గట్టిగా పట్టుకుంది. పెళ్ళిళ్ళకి పెద్ద కార్లు అద్దెకి తిప్పుదామనుకున్నాడు. చీటీ పాడి, ఉన్నదంతా ఊడ్చి, పన్నెండు లక్షలు పోగేశాడు. మాఘమాసం ముహూర్తాలు దగ్గరపడుతున్నాయి. ఓ కల్యాణ మండపం మేనేజరు తెలిసినవాడే కావడంతో మూడు పెళ్ళిళ్ళకి అడ్వాన్సులు కూడా పుచ్చుకున్నాడు. అన్నీ ఉన్నాయి, కారు ఒక్కటే లేదు. అతను పెట్టుకున్న డబ్బుకి దొరికే పెద్ద కార్లన్నీ పెళ్ళికూతురు ఎక్కితే దారిలో దిగి తొయ్యాల్సినవే. అడ్వాన్సు తిరిగిచ్చేస్తే ఆ మండపంలో మళ్ళీ మొహం చూపించలేడు. మొదలుపెట్టక ముందే పేరు పోతుంది.

సరిగ్గా అప్పుడు గుంటూరు నుంచి యోహాను వచ్చాడు. మిట్టమధ్యాహ్నం, మేస్త్రి గారు భోజనానికి ఇంటికి వెళ్ళిన వేళ, నల్లటి జర్మనీ కారొకటి చప్పుడు లేకుండా వచ్చి షెడ్డు ముందు ఆగింది. అందులోంచి ఓ అరవైకి దగ్గరపడ్డ మనిషి మోకాళ్ళు పట్టుకుంటూ దిగాడు. మిర్చి కోల్డ్ స్టోరేజీలున్న పెదరత్తయ్య గారి దగ్గర పదకొండేళ్ళు డ్రైవరు చేశాడట. కిందటేడు ఆయన పోయాక చూస్తే ఈ కారు యోహాను పేర రాసిపెట్టి ఉందట. "రాసిచ్చారు గానీ బాబూ, దీనికి పెట్రోలు పోయించడం మా వల్ల అవుద్దా? మా సందులో తిప్పుకోటానిక్కూడా చోటు లేదు" అన్నాడు. ఇది అమ్మి ఓ ట్రాలీ ఆటో కొనుక్కుని యార్డుకి మిర్చి బస్తాలు తోలుకుంటాడు, రేకుల ఇంటికి స్లాబు వేయించుకుంటాడు. ఆటోకెంత, స్లాబుకెంత అని భార్యతో కూర్చుని లెక్క వేసుకొచ్చాడు. "తొమ్మిదొస్తే చాలండి" అన్నాడు.

వీరభద్రం బండి చుట్టూ తిరిగాడు, బానెట్టు ఎత్తాడు, ఓ ఫర్లాంగు నడిపి చూశాడు. ఎక్కువసేపు చూస్తే పక్క షెడ్లవాళ్ళు మూగుతారన్న భయంతో కింద పరిచిన మ్యాట్లు ఎత్తలేదు, రాత్రంతా నిలబెట్టి పొద్దున్నే చూడాలన్న మొదటి పాఠం కూడా ఆ ఆత్రంలో మర్చిపోయాడు. చూసినంతలోనే తెలిసిపోయింది, బయట పెడితే పదహారుకి కళ్ళు మూసుకుని పట్టుకుపోతారు. మొహం మాత్రం మామూలుగా పెట్టుకుని, "మేస్త్రి గారితో మాట్లాడి కబురు చేస్తాను. ఈలోగా ఇంకెవరికీ చూపించకండి" అని యోహానుని పంపేశాడు.

సాయంత్రం మేస్త్రి గారు బల్ల మీద కూర్చోగానే పక్కన చేరాడు.

"మేస్త్రి గారూ, ఒక మాట. అమ్మేవాడు తనంతట తనే తక్కువ చెప్పాడనుకోండి. నేను అబద్ధం ఆడలేదు, బతిమాలలేదు, బెదిరించలేదు. అతను అడిగిందే చేతిలో పెట్టి కొనుక్కుంటే అది న్యాయమైన ధరే కదా?"

"ఎవరి బండిరా?"

"ఎవరిదో అని కాదండి. మాటవరసకి అడుగుతున్నా."

"మాటవరసకి అడిగేవాడికి అంత చెమటెందుకు పట్టింది? ముందు టీ తాగు."

టీ సగంలో ఉండగానే వీరభద్రం అంతా చెప్పేశాడు. కారూ, యోహానూ, తొమ్మిదీ, పదహారూ, చేతిలో ఉన్న మూడు అడ్వాన్సులూ. మేస్త్రి గారు అవునూ అనలేదు, కాదూ అనలేదు. "శుక్రవారం నమాజు నుంచి నేనొచ్చేసరికి అతన్ని ఇక్కడ ఉండమను. మన పద్ధతిలోనే కానిద్దాం" అన్నారు.

ఇంటికి పోతూ వీరభద్రం దారంతా ఆలోచించాడు. కొనేవాడు గుణాలు చెప్పాలన్నారు గానీ, ఉన్నవన్నీ చెప్పాలని ఎక్కడా లేదు. రంగు బాగుందనొచ్చు. టైర్లు కొత్తవనొచ్చు. సీట్లు మెత్తగా ఉన్నాయనొచ్చు. మూడు ముక్కలు చెప్పి, మూడుసార్లు "అంతేనండి" అంటే సరిపోతుంది. "శుక్రవారం కారుతో వస్తాను" అని భార్య నాగరత్నంతో చెప్పాడు. "ఎంతకేమిటి?" అంది ఆవిడ. "తొమ్మిదికి." "మరి మిగతా మూడు?" "రెండో కారుకి అడ్వాన్సు" అన్నాడు. అన్నాక, తనకే కాస్త ఎక్కువైందనిపించి, పిల్లల పుస్తకాలు సర్దడం మొదలుపెట్టాడు.

శుక్రవారం యోహాను తెల్లచొక్కా వేసుకుని వచ్చాడు. బండిని ఎలా కడిగాడో గానీ, అందులో చూసుకుని తల దువ్వుకోవచ్చు. మేస్త్రి గారు పద్ధతి చెప్పగానే ముందు తెల్లబోయాడు, తర్వాత నవ్వాడు.

"అమ్మేవాడే లోపాలు చెప్పాలంటారా? భలే బేరమండీ! మరి నేనో మాట అడగొచ్చా? ఈ బాబు బండి దేనికి తీసుకుంటున్నారు?"

"పెళ్ళిళ్ళకి. పెళ్ళికొడుకునీ పెళ్ళికూతుర్నీ తిప్పడానికి" అన్నాడు వీరభద్రం.

యోహాను నవ్వు ఆగిపోయింది. "అట్టాగా" అని కాసేపు నేలవైపు చూసి, మొదలుపెట్టాడు.

ఎడమ తలుపు మీద గీతలున్నాయి, మిర్చి బస్తాల బండి రాసుకుపోయింది. ఏసీ చల్లబడటానికి ఎండలో పావుగంట పడుతుంది. వెనక సీట్లో ఎంత తుడిచినా పెదరత్తయ్య గారి నశ్యం వాసన పోదు. అతను చెబుతుంటే వీరభద్రం మనసులో నవ్వుకున్నాడు. ఇవీ లోపాలేనా, ఇవన్నీ మొన్ననే చూశాను.

"ఇంకా?" అన్నారు మేస్త్రి గారు.

"వెనక ఎడమ పక్క కూలబడుద్దండి. రాత్రి పెట్టి పొద్దున చూస్తే గేదె కాలు మడిచి పడుకున్నట్టుంటది. స్టార్టు చేసి రెండు నిమిషాలు ఆగితే మళ్ళీ లేస్తది. పగటిపూట చూసినవాళ్ళకి తెలవదు."

మేస్త్రి గారు వీరభద్రం వైపు ఒక్కసారి చూశారు. ఎనిమిదేళ్ళ శిష్యరికం ఆ చూపు ముందు ఎటుపోయిందో, వీరభద్రానికి చెవులు వేడెక్కాయి. ఆ ఒక్క రిపేరుకే లక్ష పైన అవుతుంది.

"ఇంకా?"

"ఆ మధ్య వాగు పొంగినప్పుడు బండి నీళ్ళలో నిలబడిందండి. సీట్ల కిందిదాకా వచ్చినయ్యి. అయ్యగారు డబ్బుకి చూడకుండా అన్నీ విప్పించి ఆరబెట్టించారు, అయినా నీళ్ళు నీళ్ళే కదా. ఎవరితోనూ అనొద్దన్నారు. అప్పుడు బండి ఆయనది, కాబట్టి అనలేదు. ఇప్పుడు నాది, అందుకని అంటున్నా."

నీళ్ళు తాగిన బండి! కళ్ళు మూసుకుని పట్టుకుపోతారనుకున్న పదహారు, వీరభద్రం కళ్ళు మూసుకుని కట్టిన ధరన్నమాట. పక్క షెడ్లవాళ్ళు మూగుతారని మ్యాట్లు ఎత్తని తన తెలివిని తనే తిట్టుకున్నాడు.

"ఇంకా?" అని మేస్త్రి గారు మూడోసారి అడిగారు.

యోహాను జేబులోంచి రుమాలు తీశాడు, మొహం తుడుచుకోలేదు, ఊరికే మడతలు పెట్టాడు.

"ఇంకొకటుందండి. అది బండి లోపం కాదు. అయ్యగారు ఇందులోనే పోయారు. ఛాతీలో నొప్పి అన్నారు, వెనక పడుకోబెట్టుకుని ఆసుపత్రికి బయల్దేరా. పెదకాకాని దాటాక 'యోహానూ, నెమ్మదిగా పోనియ్యిరా, ఊగుతోంది' అన్నారు. నెమ్మది చేశా. ఆసుపత్రి దగ్గర తలుపు తీస్తే ఏముందండీ, అయిపోయింది. ఆయన మాట విని నెమ్మది చెయ్యకుండా ఉంటే దక్కేవారేమో, ఎవరికి తెలుసు." రుమాలుతో కళ్ళు ఒత్తుకున్నాడు. "మాలో ఇట్టాంటివి పట్టించుకోరండి. మీలో పట్టించుకుంటారు. పెళ్ళికూతురు ఎక్కే బండి అంటున్నారు. ఈ మాట చెప్పకుండా డబ్బు తీసుకుంటే నాకు అన్నం సయించదు. విన్నాక తొమ్మిది ఎక్కువనిపిస్తే ఎనిమిదో ఏడో, మీకెంత తోస్తే అంత ఇవ్వండి."

వీరభద్రం మనసు ఊరుకోలేదు. మనిషి మనసు ఎంత పాడుదో చూడండి, ఎదుటివాడు కళ్ళనీళ్ళు పెట్టుకుంటుంటే అది ఏడు, ఏడున్నర అని లెక్క వేస్తోంది. శవాన్ని మోసిన బండి అని నాలుగు మాటలంటే ఏడుకే వస్తుంది. రిపేరుకి లక్షన్నర పోయినా ఇంకా మూడున్నర మిగులుతాయి. యోహాను చెప్పిన మాటే యోహాను మీదికి తిప్పొచ్చు, ఆ మాట అతనే చేతికిచ్చాడు.

"నీ వంతురా భద్రం" అన్నారు మేస్త్రి గారు.

"రంగు బాగుందండి. కంపెనీలో వేసిన రంగే, ఎక్కడా మళ్ళీ వెయ్యలేదు. టైర్లు కొత్తవి. సీట్లు మెత్తగా ఉన్నాయి." మూడు ముక్కలూ అయిపోయాయి.

"ఇంకా?"

అంతేనండి అనాలని అనుకున్న చోటు ఇదే. నోరు తెరిచాడు కూడా. ఎదురుగా యోహాను, తన బండి గురించి ఇంకొకరు మంచిమాట చెబుతుంటే, చెవి ఇటు పడేసి బిడ్డ మార్కులు వింటున్న తండ్రిలా కూర్చున్నాడు. "ఇంజను చప్పుడు శుద్ధంగా ఉంది" అన్నాడు వీరభద్రం. "గేరు మారుతున్నట్టు తెలీదు. పదకొండేళ్ళు ఒకే చెయ్యి నడిపిన బండి. ఇలా నడిపిన బండిని నేను చూడలేదు."

"ఇంకా?"

"ప్రతి సర్వీసుకీ కాగితం ఉంది. ఒక్కటి కూడా తప్పలేదు. దీని నల్లరంగుకి పూలు కడితే కళకళలాడిపోతుంది. ఈ చుట్టుపక్కల ఇలాంటిది అద్దెకి దొరకదు."

"ఇంకా?"

ఇది మూడోది. దీని తర్వాత ఎవరూ ఏమీ అడగరు. తువ్వాలు వచ్చేస్తుంది, బేరం అయిపోతుంది, కారు ఇంటికొస్తుంది. వీరభద్రానికి సిగ్గేసింది. ఎనిమిదేళ్ళు చదువుకున్న తను వెతికి పట్టుకోలేని లోపాల్ని ఈ మనిషి విప్పి ముందు పెట్టాడు, ఎవరూ ఎన్నటికీ కనిపెట్టలేనిదాన్ని కూడా పెట్టాడు. తను కళ్ళకి కనిపించినదాన్ని నాలుక కింద దాచుకుని కూర్చున్నాడు.

"ఇంకొకటుందండి" అన్నాడు. "అది బండి గుణం కాదు, నా లోపం. మీరు తొమ్మిది అన్నరోజే ఇది బయట పదహారు పలుకుతుందని నాకు తెలుసు. తెలిసే, ఎవరికీ చూపించొద్దని మిమ్మల్ని పంపేశాను."

"పదహారా!" యోహాను లేచి నిలబడిపోయాడు. ముందు బండి వైపు చూశాడు, తర్వాత వీరభద్రం వైపు. కోపం వస్తుందనుకున్నాడు వీరభద్రం, వస్తే మాట పడదామనే కూర్చున్నాడు. యోహాను మెల్లగా మళ్ళీ కూర్చున్నాడు. "అయ్యగారు తెలిసే ఇచ్చారో, తెలవక ఇచ్చారో. నేనెప్పుడూ దీన్ని అంతదనుకోలా" అన్నాడు. మళ్ళీ తనే, "అయితే బాబూ, అది నీళ్ళ సంగతీ, కూలబడే సంగతీ తెలవకముందు మీరు కట్టిన ధర కదా" అన్నాడు.

మేస్త్రి గారు తువ్వాలు తీసి ఇద్దరి చేతుల మీదా కప్పారు.

ఈలోగా పక్క షెడ్లవాళ్ళు నిజంగానే మూగారు. వాళ్ళకి కనిపించిందేమిటంటే, తువ్వాలు కింద రెండు చేతులు పెనుగులాడుతున్నాయి, ఒకరు లాక్కుంటే ఇంకొకరు పట్టుకుంటున్నారు, ఇద్దరి మొహాలూ ఎర్రబడ్డాయి. "పాపం, పెద్దాయన్ని పిండేస్తున్నాడు వీరభద్రం" అన్నాడొకడు. "మేస్త్రి దగ్గర నేర్చుకున్నది ఇదన్నమాట" అన్నాడు ఇంకొకడు. తువ్వాలు కింద జరిగింది వేరు. యోహాను ఒక గుప్పిట, నాలుగు వేళ్ళు పట్టుకున్నాడు. వీరభద్రం రెండుసార్లు గుప్పిట పట్టి, రెండు వేళ్ళు కలిపాడు. యోహాను చెయ్యి లాక్కుని, రెండు గుప్పిళ్ళు మాత్రమే పట్టి వదిలేశాడు. వీరభద్రం మళ్ళీ పన్నెండే పట్టాడు. తన దగ్గర అంతకంటే లేదు, ఉంటే ఇంకో వేలు కలిపేవాడేమో ఆ క్షణంలో. యోహాను పదకొండుకి వచ్చి మొండికేశాడు. వీరభద్రం మూడోసారి పన్నెండు పట్టి, వదలకుండా అలాగే ఉండిపోయాడు. చివరికి యోహాను వేళ్ళు మెత్తబడ్డాయి.

తువ్వాలు తీశాక వీరభద్రం మామూలు అలవాటు కొద్దీ కాగితం మీద లెక్క వేసి చూసుకున్నాడు. పదహారులోంచి నీళ్ళ తరుగు తీసి, రిపేరు తీసి చూస్తే పన్నెండుకి కాస్త అటూ ఇటూగా తేలింది. బేరం చేసి చేసి చివరికి బండి అసలు ధర దగ్గరికే వచ్చి ఆగారు. యోహాను తాళాలు ఇచ్చేముందు వెనక తలుపు తీసి, సీటుని రుమాలుతో ఒకసారి తుడిచి, తలుపు నెమ్మదిగా వేశాడు. అతను ఆటో ఎక్కి వెళ్ళిపోయాక వీరభద్రం బల్ల దగ్గరికొచ్చాడు.

"మేస్త్రి గారూ, ఇంతకీ నేను మొన్న అడిగినదానికి మీరు జవాబు చెప్పలేదు. అయితే ఇదేనా న్యాయమైన ధర?"

"అంత తొందరేముందిరా? టీ చల్లారిపోతోంది, తాగు" అన్నారాయన.

ఇంట్లో నాగరత్నం రెండో కారు అడ్వాన్సు ఏదని అడిగింది. రెండో కారు లేదన్నాడు. మొదటి కారుకి రిపేరు ఉందన్నాడు. ఆవిడ ఏమందో ఇక్కడ చెప్పడం బాగోదు. బావమరిది దగ్గర చేబదులు తెచ్చి ఎడమ పక్క బాగుచేయించాడు. గుడికి తీసుకెళ్ళి పూజ చేయించి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కించాడు. పూజారి గారితో మాత్రం కారు కొన్నామనే చెప్పాడు, అంతకుమించి చెప్పలేదు. పూజ అయ్యాక ఇక మైల ఎక్కడిది అనుకున్నాడు. అయినా మేస్త్రి గారి పద్ధతి అమ్మకాలకే గానీ అద్దెలకి కాదు, అద్దెకి తిప్పేవాడు ప్రతి సీటు చరిత్రా చెబుతూ కూర్చుంటాడా? యోహాను గుంటూరులో ఉన్నాడు. మేస్త్రి గారు ఎవరి సంగతీ ఎవరికీ చెప్పే మనిషి కాదు. చీటీ వాయిదాలు నెలనెలా కట్టాలి. ఇలా రోజుకో కారణం దొరికేది అతనికి, అయినా మర్నాటికి ఇంకో కారణం కావాల్సి వచ్చేది.

పదో రోజున, మొదటి అడ్వాన్సు ఇచ్చినాయన కారు చూసుకోవడానికి షెడ్డుకే వచ్చాడు. పిచ్చయ్య గారని, పటమటలో స్టీలు సామాన్ల కొట్టు. ఒక్కతే కూతురు. కారు చూడగానే ఆయన మొహం విప్పారింది. చుట్టూ తిరిగాడు, వెనక తలుపు తీసి సీటు మీద అరచేత్తో నిమిరాడు.

"అప్పగింతలయ్యాక మా అమ్మాయి అత్తారింటికి వెళ్ళేది ఇందులోనే బాబూ. వాళ్ళమ్మ ఉండుంటే అన్నీ తనే చూసుకునేది. నాకు ఈ కార్ల గురించి ఏమీ తెలీదు. నువ్వు బాగుందంటే బాగున్నట్టే."

మేస్త్రి గారు తమ బల్ల మీద కూర్చుని టీ తాగుతున్నారు. ఇటు చూడటం కూడా లేదు. అయినా వీరభద్రానికి, ఎందుకో, వట్టిగా బాగుందనడానికి నోరు రాలేదు.

"బాగుంటుందండీ. ఎడమ తలుపు మీద గీతలున్నాయి, పూలదండ కిందికొస్తుంది కాబట్టి కనపడవు. ఏసీ మాత్రం చల్లబడటానికి పావుగంట పడుతుంది, ముందే వేసి ఉంచుతాను."

"ఇంకా?" అన్నారు బల్ల దగ్గర్నుంచి మేస్త్రి గారు.

పిచ్చయ్య గారు అటు తిరిగి, ఈ పెద్దాయన ఎవరో గాని నా తరపున అడుగుతున్నాడు అనుకుని, నమస్కారం పెట్టాడు. వీరభద్రం వెనక చక్రం వైపు చెయ్యి చూపించాడు.

"వెనక పక్క రిపేరు ఉండేదండి, కొత్త సామాను వేయించాను. ఇక భయం లేదు."

"ఇంకా?"

"ఒకప్పుడు వరద నీళ్ళలో నిలబడిన బండి. అన్నీ విప్పి చూశాను, ఎక్కడా ఆగదు. నాది పూచీ."

పిచ్చయ్య గారికి ముచ్చటేసింది. అద్దెకిచ్చేవాడు ఇన్ని చెప్పడం ఆయన ఎన్నడూ వినలేదు. "భలేవాడివి బాబూ! ఇంత నిజాయితీగా ఎవరు చెబుతారు ఈ రోజుల్లో? మా తమ్ముడి కూతురి పెళ్ళి కూడా వైశాఖంలో ఉంది, దానికీ నువ్వే" అంటూ మిగతా డబ్బు తియ్యడానికి జేబులో చెయ్యి పెట్టాడు. కారు వెనక తలుపు ఇంకా తెరిచే ఉంది. యోహాను రుమాలుతో తుడిచిన సీటు మీద ఎండ పడుతోంది. వీరభద్రం ఆ సీటు వైపు చూశాడు, పిచ్చయ్య గారి జేబు వైపు చూశాడు, తల తిప్పి చివరికి బల్ల వైపు చూశాడు.

మేస్త్రి గారు టీ గ్లాసు కింద పెట్టారు.

"ఇంకా?" అన్నారు.